గాలివేడి చెప్పే పూస

నేను ఒక పూసను. ఆవగింజ కంటే కాస్త పెద్దదాన్ని, మిరియం గింజ కంటే చిన్నదాన్ని. నాకు రెండు సన్నటి తీగల కాళ్ళు, చుట్టూ ఒక ప్లాస్టిక్ పంజరం. కారు ఇంజను పీల్చే గాలి ఎంత వేడిగా ఉందో చెప్పడం నా పని. అంతకు మించి నాకేమీ రాదు. వేడి తగిలితే నాలోంచి కరెంటు సులువుగా పారుతుంది, చల్లబడితే మొరాయిస్తుంది. ఆ తేడాను అంకెగా మార్చి చూపించే పని వేరే వాళ్ళది. కొట్లలో నన్ను సెన్సర్ అంటారు. ఇళ్ళలో నాకు పేరు లేదు, ఎందుకంటే ఇళ్ళలో నా గురించి మాట్లాడుకోవలసిన అవసరం ఎవరికీ రాదు. ఒక ఇంట్లో మాత్రం వచ్చింది. నేను చెప్పబోయేది ఆ ఇంటి సంగతి.

నేను పుట్టిన ఊరు ఏదో తెలియదు. నాలాంటివి బారులు తీరి బెల్టు మీద వెళ్ళడం, గోరింటాకు సగం వెలిసిపోయిన వేళ్ళు నన్ను తీసి పంజరంలో బిగించడం గుర్తున్నాయి. మొదట విజయవాడలో ఒక పళ్ళ డాక్టరు గారి కారులో కుదిరాను. ఆయనకు కారంటే ప్రాణం. సీట్లకు కొత్త కవర్లు వేయించాడు, ముందు వినాయకుణ్ణి అతికించాడు, అద్దానికి మల్లెల వాసన వచ్చే సీసా వేలాడదీశాడు. చాలా ఏళ్ళు ఆయన కొలువు చేశాను. ఆయనకూ నాకూ ముఖపరిచయం లేదు. కంటికి కనిపించేవాటినే మనుషులు ముద్దు చేస్తారని ఆ కారులో ఉండగానే తెలుసుకున్నాను.

ఒక వానాకాలం కాలువ పొంగి కారు సీట్ల దాకా మునిగింది. బీమా వాళ్ళు వచ్చి చూసి పెదవి విరిచారు. కారును ఆటోనగర్‌కు లాక్కెళ్ళి ముక్కలు ముక్కలుగా విప్పారు. నేను ఖాజావలీ అనే పాత సామాన్ల వ్యాపారి కొట్లో, ఒక బిస్కట్ల డబ్బాలో, నట్లూ బోల్టుల మధ్య పడ్డాను. అక్కడికే ఫణిభూషణ్ వచ్చాడు.

ఫణి ఒకప్పుడు పెద్ద షోరూంలో సర్వీసు అడ్వైజరు. ఇస్త్రీ చొక్కా, మెడలో పేరు బిళ్ళ, ఒకటో తారీఖున జీతం. ఆ ఉద్యోగం వదిలేసి ఆటోనగర్‌లో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. పాత పెట్రోలు కార్లకు టర్బో బిగించడం అతని పిచ్చి. టర్బో అంటే బండి వదిలే పొగతో తిరిగే ఒక చిన్న ఫ్యాను. గాలిని బలంగా కుక్కి ఇంజనులోకి తోస్తుంది, దాంతో బండికి సత్తువ వస్తుంది. అయితే కుక్కిన గాలి సలసలా కాగిపోతుంది. దాన్ని చల్లార్చడానికి బంపరు వెనకాల, ఎదురుగాలి తగిలే చోట ఒక జల్లెడలాంటి పెట్టె పెడతారు. గాలి అందులో చల్లారి ఇంజనులోకి పోతుంది. చల్లారకుండా పోతే పెట్రోలు వేళ కాని వేళ పేలి, లోపల పిస్టన్ కరుగుతుంది. అంతటితో ఇంజను పని సరి.

అంతకు ముందు ఎండాకాలం గుడివాడ రైసుమిల్లు యజమాని కారుకు సరిగ్గా అదే జరిగింది. ఆయన ఫణి ఇంటి గుమ్మం ముందు నిలబడి, అపార్టుమెంటంతా బాల్కనీల్లోకి వచ్చేదాకా కేకలు వేశాడు. ఫణి భార్య మందాకిని ప్రైవేటు స్కూల్లో హిందీ టీచరు. ఆమె మర్నాడు టిఫిను ప్లేటు అతని ముందు పెడుతూ అంది.

"సాంబిరెడ్డి గారి పని వస్తే షెడ్డు. రాకపోతే షోరూం. మూడో మాట నాకు చెప్పకండి."

"సరే," అన్నాడు ఫణి.

సాంబిరెడ్డిది నరసరావుపేట. శ్రీశైలం యాత్రికులకు కార్లు తిప్పుతాడు. అన్నీ పాత పెట్రోలు బళ్ళు. నిండా జనం ఎక్కితే ఘాట్ రోడ్డు మీద ఉబ్బసం వచ్చిన వాళ్ళలా ఆయాసపడతాయి. వాటికి టర్బోలు పెట్టిస్తే ఎలా ఉంటుందా అని ఆయన ఆలోచన. కానీ ఆయన పెట్టిన షరతు గడుసు షరతు.

"నీ పెళ్ళాన్ని, మీ అమ్మని ఎక్కించుకోవయ్యా. నేనూ ఎక్కుతా. దోర్నాలలో బయల్దేరితే శిఖరం దాకా బండి ఆగగూడదు. ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టే ధైర్యం నీకుంటే, నా బళ్ళన్నీ నీ షెడ్డుకే తోలతా."

అందుకని ఫణి మందాకిని స్కూలుకు తీసుకెళ్ళే చిన్న కారుకే టర్బో బిగించాడు. పెద్ద సామానంతా కొన్నాక చేతిలో మిగిలింది తక్కువ. విదేశీ సెన్సర్ కొనే స్థితి లేదు. ఖాజావలీ డబ్బాను బల్ల మీద బోర్లించి, ఒక ఇత్తడి మొన సెన్సర్‌ను, నన్ను ఏరి పక్కన పెట్టాడు.

"ఇత్తడిది తీస్కో అన్నా, గట్టిది. ఇది చూడు, పిట్ట గూడులాగుంది," అని నన్ను వేలితో మీటాడు.

ఫణి ఇద్దరినీ జేబులో వేసుకున్నాడు.

పరీక్ష వంటింట్లో జరిగింది. షెడ్డులో ఐసూ లేదు, పొయ్యీ లేదు. గట్టు మీద ఒక గిన్నెలో ఐసు నీళ్ళు, ఇంకో గిన్నెలో మరిగిన నీళ్ళు పెట్టి, ఫణి తన మీటరు తీగలు మా కాళ్ళకు తగిలించాడు. ఫణి తల్లి సామ్రాజ్యమ్మ స్టూలు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆవిడ ఇత్తడిదాన్ని అరచేతిలో వేసుకుని బరువు చూసింది, గోటితో కొట్టి మోత విన్నది. బిందెలు కొనేటప్పుడు ఆవిడ పద్ధతి అదే.

"దీని నాణ్యమే వేరురా అబ్బాయ్. ఆ ప్లాస్టిక్‌ది దువ్వెన ముక్కలా ఉంది. పండగనాడు పటాసుల్లో వస్తాయి అట్లాంటివి."

"అమ్మా, ఇది పటాసు సామాను కాదు."

"నాకు తెలుసులే. నిన్ను కన్నదాన్ని."

ఐసు నీళ్ళలో మా ఇద్దరి మాటా ఒకటే అయింది. వేడి నీళ్ళలోనూ అంతే. ఫణి సంతోషించాడు. ఇత్తడిదే పెడదాం, ఊడిపోదు, విరిగిపోదు అన్నాడు. గుడివాడ కారులో పెట్టిందీ ఇత్తడి మొనదేనని అతనికి గుర్తుంది. అయితే ఆ తప్పు ఆ ఒక్క సెన్సర్‌దని అతని నమ్మకం.

మందాకిని పెరుగు తీయడానికి ఫ్రిజ్ తలుపు తెరిచింది. తెరిచి, చేతిలోని పెరుగు గిన్నె వంక చూసి, మమ్మల్నిద్దరినీ ఫ్రిజ్‌లో పెట్టి తలుపు వేసింది.

"ఏంటిది మందా?"

"ఇంజను నీళ్ళు తాగదు కదండీ. గాలే కదా పీల్చేది."

మేం బాగా చల్లబడ్డాక మమ్మల్ని బయటకు తీసి, కుక్కరు కూతపెట్టే పొయ్యి పక్కన వేడిగాలిలో పట్టుకుంది. నాకు దాచుకోవడం తెలియదు. ఒంటి మీద తొడుగేమీ లేదు కదా, గాలి తగలగానే అంకె పరుగెత్తింది. ఇత్తడిది మాత్రం ఇంకా ఫ్రిజ్‌లోనే ఉన్నట్టు కూర్చుంది. దాని లోహం వేడెక్కి, ఆ వేడి లోపలికి దిగి, అప్పుడు గానీ దానికి కబురు అందదు. ఆ లోపు పిస్టన్ కరుగుతుంది. ఫణి మీటరు వంక చూసి, గుడివాడ కారు సంగతి తలచుకుని, ఇత్తడిదాని తీగలు ఊడదీశాడు.

"ఎంత బరువుంటే ఏం లాభం. పిలిస్తే పలకాలిగా," అంది మందాకిని, ఇత్తడిదాన్ని గట్టు మీద పెడుతూ.

సామ్రాజ్యమ్మ చిక్కుడుకాయల మీంచి తల ఎత్తకుండా, "నన్నేనా అంటున్నావు?" అంది.

"మీరు పిలవకుండానే పలుకుతారు అత్తయ్యా."

అలా నేను ఎంపికయ్యాను. షోరూం మేనేజరు మందాకినికి రెండుసార్లు ఫోను చేశాడని, ఫణి వస్తానంటే కుర్చీ సిద్ధమని చెప్పాడని, ఆమెకు ఆ కుర్చీ మీద ఆశ ఉందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అయినా షెడ్డు నిలబడటానికి కావలసిన వస్తువును ఆమే ఎంచి చేతికిచ్చింది. ఎందుకని నన్నడగకండి. వేడి తప్ప ఇంకేదీ కొలిచే శక్తి నాకు లేదు.

ఫణి నన్ను చల్లార్చే పెట్టె తరువాత రబ్బరు పైపులో బిగించాడు. నేను చెప్పేది కనబడటానికి అరచేతిలో ఇమిడే ఒక చిన్న అంకెల పెట్టెను కారులో ఎడమవైపు, పక్క సీటు ముందర అతికించాడు. డ్రైవరు వైపు నుంచి చూస్తే దాని మీద ఎండ పడి మెరుపు తప్ప అంకె కనిపించదు. కాబట్టి చదవడం మందాకిని వంతు.

"యాభై దాటితే చెప్పు. అరవై దాటితే గట్టిగా చెప్పు. అరవై అయిదు దాటాక నేను తొక్కకూడదు, ఆపెయ్యాలి," అన్నాడు ఫణి.

పైపులో ఉన్నదానికి కారులో మాటలు ఎలా వినిపించాయని మీకు అనుమానం రావచ్చు. నా తీగ రెండో చివర ఆమె మోకాళ్ళ ముందే ఉంది. నాకు అది చాలు.

ఏప్రిల్ ఎండలో బయల్దేరారు. నరసరావుపేటలో సాంబిరెడ్డి ఎక్కి వెనక సీటులో సామ్రాజ్యమ్మ పక్కన కూర్చున్నాడు. వినుకొండ దాటేసరికి ఇద్దరూ చుట్టరికం కలుపుకున్నారు. బల్లపరుపు రోడ్డు మీద నేను నలభై రెండు, నలభై మూడు అంటూ వచ్చాను. బయటి గాలే దాదాపు అంత ఉంది. సాంబిరెడ్డి ఒకటి రెండుసార్లు ముందుకు వంగి, "లాగుతుందయ్యా, బానే లాగుతుంది," అన్నాడు. ఫణి చెవులు ఎర్రబడ్డాయి. మందాకిని కిటికీలోంచి చూస్తోంది.

దోర్నాలలో టీ తాగారు. అక్కడ సామ్రాజ్యమ్మ బంతిపూల దండ కొన్నది. చెయ్యంత లావు దండ.

"అమ్మా, ఇప్పుడెందుకది?"

"మల్లన్న దగ్గరికి బోసి బండితో పోతామా? నువ్వూరుకో."

దండ కారు వెడల్పు కంటే పొడుగైంది. రోడ్డు మీద ఈడ్చుకుపోకుండా దాన్ని రెండు మడతలు వేసి, బంపరు కింది జాలీకి ఈ చివర నుంచి ఆ చివర దాకా కట్టారు. ఒక కొస సామ్రాజ్యమ్మ పట్టుకుంటే ఇంకో కొస సాంబిరెడ్డే ముడి వేశాడు. ముడి వేసి దండం కూడా పెట్టాడు. ఫణి అప్పుడు టైర్లలో గాలి చూసుకుంటున్నాడు. చూసినా ఏమనేవాడో తెలియదు. శ్రీశైలం వెళ్ళే బళ్ళన్నిటికీ దండ ఉంటుంది. అన్నిటికీ ఉంటుంది కాబట్టే అది ఎవరి కంటికీ ఆనలేదు.

అడవి మొదలైంది. మలుపులు మొదలయ్యాయి. రోడ్డు పైకి లేచింది, ఫణి తొక్కాడు, టర్బో సన్నగా ఈల వేసింది. నా మీదికి వచ్చే గాలి మారిపోయింది. అంతదాకా వేసవి గాలి. ఇప్పుడు పొయ్యి ముందు గాలి.

"యాభై రెండు," అంది మందాకిని.

"ఎక్కేటప్పుడు కాస్త పెరుగుతుందిలే."

ఒక లారీని దాటారు. సాంబిరెడ్డి తొడ చరిచాడు. "ఓర్నీ! నిండు బండితో లారీని కొట్టిందయ్యా! నా బండయితే ఇక్కడ మేం దిగి నెట్టుకుంటా ఉండేవాళ్ళం."

"యాభై ఏడు."

ఫణి కాలు కొంచెం సడలించాడు. మలుపు తిరిగాక మళ్ళీ తొక్కక తప్పలేదు.

"అరవై ఒకటి," అంది మందాకిని. అతను చెప్పమన్నట్టే గట్టిగా చెప్పింది.

అప్పుడు ఫణి అడిగాడు. "నిజంగానా?"

అడిగింది చిన్న ప్రశ్నే. దాని వెనక షోరూం ఉంది, మేనేజరు ఫోన్లు ఉన్నాయి, టిఫిను ప్లేటు ముందు జరిగిన ఒప్పందం ఉంది. బండి ఆగితే లాభం ఆమెకు. అంకె కనిపించేదీ ఆమెకే. ఆ సంగతి సాంబిరెడ్డికి తెలియదు గానీ సామ్రాజ్యమ్మకు తెలుసు. ఆవిడ వెనక నుంచి మెల్లగా, "అమ్మాయ్, ఒకసారి సరిగ్గా చూడమ్మా," అంది.

మందాకిని అటూ ఇటూ తిరగలేదు. ఒట్టు వేయలేదు. నన్ను నమ్మరా అని అడగలేదు.

"అరవై నాలుగు," అంది.

ఫణికి అంకె కనిపించదు. తల వంచి చూద్దామంటే మలుపు. ఎడమవైపు ఒక్క క్షణం తిరిగాడు. అంకెల పెట్టె మీద ఎప్పటిలా ఎండ మెరిసింది, దాని పక్కన భార్య ముఖం ఉంది. అతను చూసింది ఆ ముఖాన్ని. తరువాత యాక్సిలరేటరు మీంచి కాలు తీశాడు. కారు ఊపు తగ్గి, రోడ్డు పక్కన కోతులు కూర్చున్న ఖాళీ జాగాలో ఆగింది. ఆగేలోపు నేను అరవై ఆరు చూశాను. ఆ మాట ఎవరికీ అక్కర్లేకపోయింది.

"ఏందయ్యా, ఆపావు?" అన్నాడు సాంబిరెడ్డి.

"గాలి కాగిపోతోందండీ. ఇంకా తొక్కితే ఇంజను పోతుంది."

"ఆగగూడదనుకున్నాంగా."

"అనుకున్నామండీ," అన్నాడు ఫణి. అని, తలుపు తీసుకుని దిగాడు.

బానెట్ ఎత్తాడు. పైపులు ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ముందు వైపు వచ్చి వంగాడు. ఎదురుగాలికి రెండు మడతల దండ జాలీలోకి అదిమినట్టు అతుక్కుపోయి ఉంది. కొన్ని పూలు జాలీ దాటి లోపలికి దూరి, చల్లార్చే పెట్టెకు గుమ్మం మూసినట్టు పరుచుకున్నాయి. ఉడికిన బంతిపూల వాసన వస్తోంది.

"అయ్యో మల్లన్నా!" అంది సామ్రాజ్యమ్మ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

సాంబిరెడ్డి ముందు నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ముడి నేనే వేశాను కదమ్మా! నా చేత్తో నేనే వేశాను!" ఆ నవ్వు ఆగాక కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, ఫణి భుజం మీద చెయ్యి వేశాడు.

"బండి మంచిదేనయ్యా. నీ పనికి వంక పెట్టను. కానీ నాకొద్దు."

"దండ వల్లే కదండీ. దండ తీసేస్తే..."

"మా డ్రైవర్లు దండ కట్టకుండా ఘాట్ ఎక్కరు. వద్దంటే పని మానేస్తారు. అంకె చూసి చెప్పే చెల్లెమ్మ వాళ్ళ పక్కన ఉండదు. ఉన్నా, వెనక జనం దర్శనానికి టైమైపోతందని గోల పెడుతుంటే వాడు ఆపుతాడా? నువ్వు ఆపావు. మావాడు ఆపడు."

"దానంతటదే ఆపేసే ఏర్పాటు చేస్తానండీ."

"ఘాట్‌లో మలుపు మీద బండి దానంతటదే ఆగితే, ఎనకొచ్చే బస్సు ఏంగాను?"

ఫణి జాలీ ముందు గొంతుక్కూర్చున్నాడు. పూలు ఒక్కొక్కటే గోళ్ళతో గీకి తీశాడు. మందాకిని దిగి వచ్చి, నీళ్ళ సీసా ఇచ్చి, తనూ పక్కన గొంతుక్కూర్చుని పూలు తీసింది. తరువాత కారు శిఖరం దాకా ఎక్కడా ఆగకుండా ఎక్కింది. నేను నలభై తొమ్మిది దాటలేదు. ఆ సంగతి మందాకిని ఎప్పటికప్పుడు చెబుతూనే ఉంది.

దర్శనమయ్యాక సాంబిరెడ్డి తనకు తెలిసిన వాళ్ళ బండిలో ముందే వెళ్ళిపోయాడు. దిగే దారిలో సామ్రాజ్యమ్మ నిద్రపోయింది. చాలా మలుపుల తరువాత ఫణి అన్నాడు.

"అప్పుడు నిన్ను నిజంగానా అని అడిగాను."

"విన్నాను."

"కోప్పడలేదేం?"

"కోప్పడే టైమెక్కడుందండీ. అప్పటికే అరవై నాలుగు అయింది."

ఫణి నవ్వాడు. ఆమె నవ్వలేదు గానీ కిటికీ వైపు తిరిగి కూర్చోలేదు.

పై నెలలో అతను షోరూంలో చేరాడు. షెడ్డు తాళం ఖాజావలీ తమ్ముడికి ఇచ్చాడు. కారుకు బిగించిన టర్బోను విప్పేస్తానని ఫణి అంటే మందాకిని వద్దంది. "ఉండనివ్వండి. ఉయ్యూరు రోడ్డులో చెరుకు లారీలను దాటడానికి బాగుంది," అంది. ఆ మాట విని అతను చాలాసేపు ఏదో సర్దుతున్నట్టు అటు తిరిగి ఉన్నాడు.

కాబట్టి నేను ఇప్పటికీ ఆ రబ్బరు పైపులోనే ఉన్నాను. ఇత్తడిది వంటింటి కిటికీలో, ఊడిపోయిన గడియ స్థానంలో ఉందని విన్నాను. అక్కడ దానికి తొందరేమీ లేదు, అందరికీ సుఖమే. నా తరం వాళ్ళు చాలామంది ఈపాటికి కరిగి మరో రూపంలోకి పోయి ఉంటారు. నేనూ పోతాను. అందులో బాధపడవలసింది ఏమీ కనిపించడం లేదు. ఒక్కటి మాత్రం చెప్పుకోవచ్చు. నేను చెప్పింది వినాలని రోజూ ఒక మనిషి ఎదురుచూడటం నాలాంటివాటికి అరుదు.

ఫణి సాయంత్రం ఇస్త్రీ నలగని చొక్కాతో ఇంటికి వస్తాడు. చెప్పులు విప్పుతూ, "ఇవాళ ఎంత?" అని అడుగుతాడు.

"నలభై ఆరు," అంటుంది మందాకిని వంటింట్లోంచి. "బెంజి సర్కిల్ దగ్గర ఇరుక్కుపోయాను."

అతను తల ఊపుతాడు. కాళ్ళు కడుక్కోవడానికి వెళతాడు. ఒక్కోరోజు ఆమె చూడటం మరిచిపోతుంది. పరీక్ష పేపర్లు, కూరలు, పిల్లల తల్లిదండ్రుల ఫోన్లు, మనిషన్నాక మరుపు సహజం. ఆ రోజు కూడా అతను అడుగుతాడు. ఏదో ఒక అంకె చెప్పెయ్యవచ్చు. నలభై అయిదంటే నలభై అయిదు, కాదనేవాళ్ళు లేరు. ఆమె మాత్రం స్టవ్వు సిమ్‌లో పెట్టి, కొంగుకు చెయ్యి తుడుచుకుని, కారు తాళం తీసుకుని మూడంతస్తుల మెట్లు దిగి వస్తుంది. తాళం తిప్పి, ఆగిన ఇంజను సెగ తగిలి ఉన్న నన్ను చూస్తుంది. మళ్ళీ మెట్లెక్కి వెళ్ళి, ఆయాసపడుతూ చెబుతుంది.

"ఇప్పుడు యాభై ఒకటి. వచ్చేటప్పుడు ఎంతుందో చూడలేదు."